స్వామిని ఎవరు తిడతారు

డిసెంబరు 7, ఆదివారం

మళ్ళీ ఓడారు మా ఫుట్‌బాల్ కుర్రాళ్ళు. ఈసారి ఆండర్సన్‌పేట వాళ్ళ చేతిలో. కార్తీకం సగం దాకా ఓటమి అంటే తెలియని జట్టు ఇది. ఇప్పుడు వరుసపెట్టి...

సాయంత్రం మా వరండాలో సభ. మా ఆయన, నారాయణప్ప మేష్టరు, బేకరీ అన్వర్. మొదటి కాఫీకి గోల్‌కీపరుది తప్పు. రెండో కాఫీకి కమిటీది తప్పు. కమిటీలో పెద్ద మేష్టరుగారే కనుక తొందరగా మాట మార్చారు. మూడో కాఫీ నేను పెట్టలేదు. అయినా చేరవలసిన చోటికే చేరారు, గొంతులు తగ్గించుకుని.

"సామి మాల ఏసుకున్నప్పట్నించే గదప్పా ఇదంతా..."

"ఊరికే ఉండు అన్వరూ, లోపల ఆయమ్మ ఇంటాది."

విన్నాను. సామి అంటే మా అబ్బాయి గిరి. జట్టుకు ఫార్వర్డు. మాల వేయించింది నేను.

డిసెంబరు 8

రాత్రి నిద్ర బాగానే పట్టింది. నేను దిగులు పడతానని ఆయన అనుకున్నారు.

పోయినేడు వాడి మోకాలు తిరిగిపోయినప్పుడు కోలారు డాక్టరు అన్న మాట: "ఇంగ బాల్ మర్చిపోప్పా." ఆ పూట కోలారు బస్టాండులోనే నిలబడి మొక్కుకున్నాను. కాలు నిలబెట్టు తండ్రీ, వాడు మాల వేసుకుని నీ కొండ ఎక్కుతాడు అని. వాడిని అడగలేదు. ఇంటికి వచ్చి చెబితే నవ్వాడు. "మొక్కేది నువ్వు, నడిచేది నేనా?"

నడుస్తున్నాడు. చెప్పులు లేకుండా — పొద్దున్నే రైలుకు, బెంగళూరులో ఆఫీసుకు, తిరిగి వచ్చి గ్రౌండుకు. బూట్లు లేకుండానే ఆడుతున్నాడు. మోకాలు ఇచ్చినవాడు పాదాలు చూసుకోడా?

డిసెంబరు 9

మంచు. పొద్దెక్కేదాకా పాత బంగారు గని వాళ్ళు పోసిన సైనైడు మట్టిదిబ్బ కనబడనే లేదు. గిరి చన్నీళ్ళు పోసుకుంటుంటే నాకు వణుకు.

డిసెంబరు 11

రాత్రి సంగటి పెడుతుంటే ఆయన మెల్లిగా అందుకున్నారు.

"కాన్వాసు బూటు తోలు కాదు గదా..."

"కాదు."

"అంటే దోషం లేనట్టే గదా?"

"తోలు సంగతి కాదు. మొక్కు సంగతి."

ఇంకో ముద్ద పెట్టించుకున్నారు. ఆ మాట ఆయనది కాదు, మేష్టరుగారు నేర్పి పంపింది. మొహం చూస్తే తెలియదా.

డిసెంబరు 14, ఆదివారం

ఆటకు వెళ్ళాను. ఆడవాళ్ళం కూర్చునే చోటు, గోడ పక్కన. మారికుప్పం వాళ్ళతో ఆట. వాళ్ళ మనుషులు మొదటినుంచీ ఒకటే ఎగతాళి — "ఏం సామీ, గోలు యాడుండాదో జ్యోతి కనబడితేనే తెలుస్తాదా సామీ?" నవ్వులు. ఎగతాళి చేసినా చివర సామీ అంటున్నారు, అది మేలు.

మనవాళ్ళు మరీ. అన్వర్ గొంతు నాకు తెలియదా, పోయిన నెల దాకా ఆ గొంతుకు కాకులు లేచేవి. ఇవాళ — "శరణం సామీ... కొంచెం ఎడమ పక్కకు, సామీ..." అని, గుళ్ళో ప్రసాదం వరుస సర్దుతున్నట్టు.

తరువాత జరిగింది రాయాలంటే చేయి ఆగుతోంది. నవ్వు వస్తోంది కూడా, స్వామి క్షమించాలి. బంతి నడిమధ్య ఉంది. మన కుర్రాడొకడు పరుగెత్తుతూ గిరి కాలు తొక్కేశాడు, బూటు కాలితో. తొక్కి... ఆగిపోయాడు. వంగి పాదం తాకి కళ్ళకు అద్దుకున్నాడు. "తప్పైపోయింది సామీ!" గిరి చేయెత్తి "స్వామియే శరణం" అన్నాడు. అంతలో బంతి మన గోలులో ఉంది.

లూర్దు నోరు తెరిచాడు. మూశాడు. మన కెప్టెను లూర్దు, బంతి పోతే కొండలు దద్దరిల్లేలా బూతులు తిట్టే లూర్దు — తల వంచుకుని బంతి తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

ఓడారు. ముందు గెలిచిన ఆటల పుణ్యాన నాలుగో స్థానం మాత్రం మిగిలింది. సెమీస్‌కు చేరినట్టే. ఇరవై ఎనిమిదో తేదీ, ఆదివారం.

డిసెంబరు 15

మళ్ళీ వరండాలో సభ. ఈసారి గొంతులు తగ్గించుకోలేదు. మేష్టరుగారు నన్నే పిలిచారు.

"సుశీలమ్మా, సెమీస్‌లో ఒట్టి కాళ్ళ మనిషిని దించేకి కాదు. నువ్వొక మాట చెప్తే సామి బూట్లు ఏసుకుంటాడు. లేదంటే క్లబ్బు బోర్డు మీద టీములో వాని పేరు రాయను. ఎంకటేశు ఉండాడు, వాన్ని దించుతా."

ఆయన నేల చూస్తున్నారు. అన్వర్ బిస్కెట్టు చూస్తున్నాడు.

"రాస్తారు సార్," అన్నాను.

"ఏమంటివి?"

"వాడి పేరు మీరే రాస్తారు."

గట్టిగా అనలేదు. నాకు గట్టిగా రాదు. కానీ అన్నాను. ఎందుకు అంత ధైర్యంగా అన్నానో వంటింట్లోకి వచ్చాక ఆలోచించాను. కారణం దొరకలేదు. ధైర్యం మాత్రం పోలేదు.

కాళ్ళ వల్ల కాదు ఈ ఓటములు. మాల వేసిన కొత్తలో, ఒట్టి కాళ్ళతోనే, ఊరిగాం వాళ్ళ మీద గోలు కొట్టలేదా వాడు? ఇంకేదో ఉంది.

డిసెంబరు 17

ధనుర్మాసం. చీకటితోనే పొంగలి. గిరి రైలుకు ఇంకా టైముంది. వంటింటి గడపలో కూర్చున్నాడు, మొహం వేలాడేసి.

"స్వామీ, ఇంకొంచెం వేయమంటారా?"

"నువ్వు గూడా మీరు అంటావే అమ్మా."

"మాలలో ఉన్నవాళ్ళను అట్లే పిలవాలి కదా."

పొంగలి కెలుకుతూ వాడే అన్నాడు. "బాల్ వచ్చేది కన్ను కంటే ముందు చెవికి తెలుస్తాదమ్మా. లూర్దు 'రేయ్ గిరీ' అని ఒక్క కూత పెడితే, నేను తిరిగి చూడకుండానే పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు నా పేరు పిలిచేవాళ్ళే లేరు. తిట్టేవాళ్ళు లేరు. గోలు తప్పిపోతే చేతులు జోడిస్తారు. గ్రౌండులో గుళ్ళో నిలబడుకున్నట్టుండాది."

పొంగలి అట్లే ఉంది చేతిలో.

"నువ్వు గూడా నన్ను తిట్టి ఎన్నాళ్ళయ్యిందో."

తడి తువ్వాలు కుర్చీ మీదే పడేసి వెళ్ళాడు. రోజూ అంతే. మాల వేసినప్పటినుంచి ఏమీ అనకుండా నేనే తీసి ఆరేస్తున్నాను.

డిసెంబరు 18

దొరికింది కారణం.

మా కిటికీకి ఎదురుగానే గ్రౌండు. ఆదివారాలు ఆట మొదలైతే నేను కిటికీ మూసేసేదాన్ని, లూర్దు నోటికి భయపడి. దీపం ముందు కూర్చుంటే ఆ మాటలు చెవిన పడకూడదని. చిన్నప్పుడు గిరి పక్కన కూర్చుని నా చేతి అన్నం తిన్నవాడే, ఈ మాటలు ఎక్కడ నేర్చాడో అనుకునేదాన్ని.

ఆ నోటి మీదే జట్టంతా నడిచిందని ఎవరికి తెలుసు. మాలకు భయపడి నోరు మూసుకున్నారు అందరూ. వాళ్ళది భక్తే. తప్పు పట్టలేను. కానీ ఆట ఆగిపోయింది.

లూర్దుతో మాట్లాడాలి. ముందు గురుస్వామిని అడగాలి.

డిసెంబరు 20

భజన అయ్యాక గురుస్వామి ఒక్కరే ఉన్నప్పుడు అడిగాను. మాలలో ఉన్నవాళ్ళను తిడితే పాపమా అని.

"ఎవురు తిట్టేదమ్మా? నువ్వా?" ఆశ్చర్యపోయారు.

విషయమంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వారు. "దీక్ష వాని నోటికి, వాని కోపానికి. పక్కోని నోటికి కాదు. మా ఇంటామె నన్ను దినామూ తిడతాది, నా మెడలో మాల ఉండంగానే. ఆయమ్మకు యే పాపమూ రాలేదు, నాకే పుణ్యం వచ్చుంటాది." మళ్ళీ కొంచెం ఆగి, "అయితే అమ్మా, బూతులు వద్దు. అది మాత్రం చెప్పు ఆ అబ్బికి."

దారంతా నాలో నేను నవ్వుకున్నాను. బూతులు లేకుండా లూర్దు!

డిసెంబరు 21, ఆదివారం

ఆట లేదు. లూర్దును పిలిపించాను. వంటింట్లో పీట మీద కూర్చున్నాడు, చిన్నప్పటిలాగే.

"గిరిని పేరు పెట్టి పిలువు. తప్పు చేస్తే తిట్టు."

"అయ్యయ్యో! సామిని తిడితే మా అమ్మ నాకు సోరు పెట్టదు, పస్తే. మేము చర్చికి పోతాము, అయినా పాపం పాపమే గదమ్మా."

"పాపం ఏమైనా ఉంటే నాది. మొక్కు నాది కదా."

పీట మీద నిటారుగా సర్దుకున్నాడు. నేను అంత మాట అంటానని అనుకోలేదేమో.

"గురుస్వామి కూడా సరే అన్నారు. కానీ బూతులు కూడదు."

అప్పుడు నిజంగా దిగులు పడ్డాడు. "బూతుల్లేకుండా తిట్టేకి నాకు రాదే అమ్మా! ఇంగేమని తిట్టేది? మీకేమన్నా వస్తాయా?"

నాకు రావు. ఎప్పుడూ తిట్టి ఎరుగను. కానీ టేకల్ ఊళ్ళో ఉండిన మా అవ్వ గుర్తొచ్చింది. పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఒక్కరినీ వదిలేది కాదు — తాతను, ఎద్దులను, కూలి మనుషులను. ఒక్క బూతు ఉండేది కాదు. కూలి మనుషులు నవ్వుకుంటూ పని చేసేవాళ్ళు.

ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాను, సిగ్గుపడుతూ. "సంగటి ముద్దకు కాళ్ళొచ్చినట్టు నిలబడుకున్నావే!" "పట్టుపురుగు నీకంటే బిరీన నడుస్తాది!" "మామిడి తోపుకు కావలి పెట్టినారా నిన్ను, ఆ చెట్టు కిందే ఉండావు?"

లూర్దు పీట మీద ఊగి ఊగి నవ్వాడు. "పట్టుపురుగు" తనకు ఇచ్చేయమన్నాడు, ఇంకెవరికీ చెప్పొద్దని. వెళ్తూ వాకిట్లో కుక్కను చూసి గొణుక్కున్నాడు — సంగటి ముద్దకు కాళ్ళొచ్చినట్టు... నేర్చుకుంటున్నాడు.

డిసెంబరు 25

లూర్దు ఇంటినుంచి కేకు వచ్చింది. గిరికి వేరే పొట్లం — గుడ్డు వేయకుండా అన్వర్ విడిగా చేసినది. పొట్లం మీద "సామికి" అని రాసుంది. మంచివాళ్ళు. మంచితనంతోనే ఓడిపోతున్నారు.

డిసెంబరు 26

సాయంత్రం ప్రాక్టీసు. బియ్యం ఏరుతున్నాను. మొదట రోజూలాగే ఏమీ లేదు, బంతి చప్పుడు తప్ప. తరువాత —

"రేయ్ గిరీ! పట్టుపురుగు నీకంటే బిరీన నడుస్తాది గదరా..."

చేట పక్కన పెట్టాను.

"...సామీ!"

చివర సామీ అనకుండా ఉండలేకపోయాడు పాపం. తరువాత గ్రౌండంతా నవ్వులు, గిరి నవ్వు అందులో వేరుగా వినబడింది. ఆ తరువాత అరుపులే అరుపులు. కావలి పెట్టినారా నిన్ను! ఎద్దుకు గడ్డి చూపించల్నా! ఇది మా అవ్వది కాదు, లూర్దు సొంతం. అన్వర్ కూడా బేకరీ వదిలేసి వచ్చినట్టున్నాడు, గోడ మీది కాకులు లేచాయి.

గిరి చీకటి పడ్డాక వచ్చాడు. బొటనవేలి గోరు చీలింది. పసుపు అద్దుతుంటే నవ్వుతూనే ఉన్నాడు.

"ఆ పట్టుపురుగు యాడిదమ్మా? లూర్దుకు అది రాదే."

"ఏమో."

మేష్టరుగారు గోడ దగ్గర నిలబడి చివరిదాకా చూశారట. దారిలో మా ఆయనతో, "నోళ్ళు లేచినాయి, సరే. అయినా బూట్లు బూట్లే" అన్నారట.

"పేరు రాస్తాడంటావా?" ఆయన రెండుసార్లు అడిగారు.

"రాస్తారు."

డిసెంబరు 27

గ్రౌండు పక్క క్లబ్బు గోడకు నల్ల బోర్డు ఉంది. రేపు ఆటకు కొంచెం ముందు మేష్టరుగారు సుద్దతో పేర్లు రాస్తారు. అంతదాకా ఎవరికీ చెప్పరు. వెంకటేశు బూట్లు తుడుచుకుంటున్నాడని అన్వర్ వచ్చి చెప్పి వెళ్ళాడు. తుడుచుకోనీ. వాడూ మన పిల్లవాడే.

గిరి వాళ్ళ నాన్నతో: "రాయకపోతే కొండకు పోయొస్తా. రాస్తే ఆడి పోయొస్తా." అంతే అన్నాడు. కానీ చాప మీద చాలాసేపు అటూ ఇటూ దొర్లాడు.

డిసెంబరు 28, ఆదివారం

పొద్దున నాలుగు మాటలు రాసి పెట్టాను, చించేశాను. ప్రార్థనలా కాకుండా బేరంలా ఉంది అది. మొక్కు ఒకసారే. మళ్ళీ మళ్ళీ అడగకూడదు.

సాయంత్రం ఇంట్లో పడిపూజ. స్వాములు వస్తారు, పులిహోర కలపాలి, ఆటకు వెళ్ళడానికి కుదరదు. ఆయన మూడుసార్లు వెళ్ళి బోర్డు చూసి వచ్చారు. ఏమీ రాయలేదు. నాలుగోసారి వెళ్ళి ఇంకా రాలేదు.

గిరి బయలుదేరేటప్పుడు గడపలో ఆగాడు, నేనేమైనా అంటానని. స్వామీ, జాగ్రత్త — అనబోయాను. కుర్చీ మీద తడి తువ్వాలు కనబడింది.

"ఇది ఎవరు తీస్తారురా గిరీ, మీ టేకల్ ముత్తవ్వ వచ్చి తీస్తుందా?"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. వాడు తువ్వాలు తీసి తీగ మీద ఆరేసి, గట్టిగా నవ్వుకుంటూ వెళ్ళాడు. ఒట్టి కాళ్ళతో. ఎండకు నేల కాలుతోంది, చూసి అడుగు వేయమనలేదు నేను.

మధ్యాహ్నం. పులిహోరకు పోపు వేశాను. చింతపండు ఆరుతోంది.

ఈల వినబడింది. ఆట మొదలయింది. ఆయన రాలేదు. పేర్లు రాసే ఉంటారు. నేను బోర్డు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. లూర్దు ఎవరిని తిడతాడో వింటే చాలు.

కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచాను. జనం గోల... అన్వర్ గొంతు... బంతి చప్పుడు...

ఇంకా ఎవరి పేరూ పిలవలేదు లూర్దు.