మింగేసిన అక్షరం

జూన్ 4

అక్క పరీక్ష తప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తొమ్మిదేళ్ళుగా బధిరుల బడిలో చిన్నపిల్లలకు సైన్ భాష నేర్పుతున్నది అక్కే. మా ఇద్దరికీ పుట్టుచెవుడు. మేము మొదట మాట్లాడింది చేతులతోనే. ఇప్పుడు ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే పరీక్ష పాసవ్వాలట. పరీక్ష పెట్టిన పెద్దమనిషికి చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. సైన్ నేర్చుకున్నది పుస్తకంలో. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఇంతకీ అక్క చేసిన నేరం ఏమిటంటే, బస్ అనే మాటలో ఒక అక్షరం మింగేసిందట!

జూన్ 5, ఉదయం 5.30

బేకరీకి వెళ్ళేముందు రాస్తున్నాను. రాయకపోతే ఆ కసి పిండిముద్దల మీద తీర్చుకుంటాను.

మా చిన్నప్పుడు బస్‌కు సైన్ లేదు. ఒక్కో ఇంగ్లీషు అక్షరం వేళ్ళతో పెట్టేవాళ్ళం. బికి చాచిన అరచెయ్యి, యుకి రెండు వేళ్ళు, ఎస్‌కి పిడికిలి. రోజుకు వందసార్లు అనే మాట, అంత తీరిక ఎవరికుంది? ముందు ఆ రెండు వేళ్ళూ సగమే లేచేవి. తర్వాత అదీ పోయింది. ఇప్పుడు చాచిన చెయ్యి ఒక్క విసురుతో పిడికిలవుతుంది, అంతే. చెయ్యి మనవైపు వస్తే బస్ వస్తోందని. అవతలికి పోతే వెళ్ళిపోయిందని. పిడికిలి వణికితే కిక్కిరిసి ఉందని. ఆయనగారి మూడక్షరాలకు ఇన్ని చెప్పడం వచ్చా? ఇది మింగడం కాదు మహాప్రభో, మాట పుట్టడం!

జూన్ 9

అక్క మళ్ళీ పరీక్ష రాయనంది. మన చేతులే తప్పంటుంటే ఇంక వాదించేదేముంది, వదిలెయ్యవే అంది. బడి బస్‌లో ఆయా పని ఇస్తామంటే సరేనని తలూపి వచ్చిందట. ఊరందరితో పోట్లాడే మా అక్క! నాకు ఏడుపొచ్చింది.

జూన్ 13

నా కూతురు పాపను తీసుకురావడానికి బడికి వెళ్ళాను. ఆ పెద్దమనిషి తనిఖీకని వచ్చి, బస్ మలుపు తిరిగే చోట దానికి వీపు తిప్పి నిలబడ్డాడు.

మా పాపకు మూడేళ్ళు. దానికీ వినపడదు. ఒక్క అక్షరం రాదు, పలక ఇస్తే కొరుకుతుంది. అది వెళ్ళి ఆయన కోటు లాగింది. చెయ్యి చాచి, తనవైపు లాక్కుంటూ పిడికిలి బిగించింది. బస్ వస్తోంది, తప్పుకో తాతా అని. ఆయన తప్పుకున్నాడా? వంగి, బి, యు, ఎస్ అని నిదానంగా పెట్టి చూపించి దాన్ని సరిదిద్దాడు! డ్రైవర్ బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది.

అక్షరాలే రాని పిల్ల అక్షరం ఎలా మింగుతుందండీ అని కాగితం మీద రాసి ఆయన ముక్కు కింద పెట్టాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 16

ఆయన తనిఖీ రిపోర్టు వచ్చింది. దోషం పిల్లలకు కూడా అంటుకుందట. అంటుకోవడానికి ఇదేమైనా గజ్జా?

జూలై 1

అక్క క్లాసులోకి కొత్త టీచర్ వచ్చింది. వినపడే మనిషే, ఆయన శిష్యురాలట. పొల్లుపోకుండా అన్ని అక్షరాలూ పెడుతుంది. ఆమె ఎస్ దాకా వచ్చేసరికి పిల్లలు బస్ ఎక్కి కూర్చుంటారు. అక్క బస్ మెట్టు మీద నిలబడి చూస్తుందట. నాకైతే ఆ మెట్టు పీకి వాళ్ళ నెత్తిన వెయ్యాలనుంది.

జూలై 11

ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆగస్టు 2

వాన. గేటు దగ్గర పిల్లల తోపులాట. కొత్త టీచర్ ఒక చేతిలో గొడుగు. రెండో చెయ్యి చాచి, తనవైపు లాక్కుని, పిడికిలి బిగించింది. పిల్లలంతా ఠక్కున వరసలో నిలబడ్డారు. తానేం చేసిందో ఆమెకు తెలియనే తెలియదు.

మెట్టు మీద అక్కకు తెలిసింది. ఇంటికొచ్చి, తడి బట్టలైనా మార్చుకోకుండా, పరీక్ష మళ్ళీ ఎప్పుడే అని అడిగింది.