కింద కొట్టాల గోడలు

సెప్టెంబరు 4, 1957
మందు కొట్టడం అయిపోయింది. పై కొట్టాల్లో ప్రతి ఇంటి గోడా డి.డి.టి.తో తెల్లగా చారలు కట్టింది. వంకకు ఇవతల ఉన్న కింద కొట్టాలను ముట్టుకోలేదు. ఎక్కడ ఎంత మలేరియా వస్తుందో పోల్చడానికి ఒక పల్లె మందు లేకుండా ఉండాలట. "ఏది వదిలేద్దామయ్యా?" అని మొన్న మా మలేరియా ఆఫీసు సార్ నన్నే అడిగారు. టక్కున "కింద కొట్టాలు" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఈ పేజీ దగ్గర సిగ్గెందుకు... ఆ పల్లె సుంకమ్మ మీద కోపం. ఆమె పశువుల పాకలో నేను పరీక్షకని గొట్టంతో దోమలను పీల్చి పట్టుకుంటుంటే, "ఓయమ్మా, రండి రండి! దోమలు తాగేటోడు వచ్చినాడు!" అని పల్లెనంతా పిలిచి చూపించింది. నోట్లోకి దోమ పోయిందేమోనని ఉమ్మితే ఇంకా నవ్వారు.

సెప్టెంబరు 9
కింద కొట్టాల్లో తొలి జ్వరం.

సెప్టెంబరు 12
సుంకమ్మ దారికి అడ్డం వచ్చింది. "ఏమప్పా, ఆడ కొట్టినారు, ఈడ కొట్టలేదు. మా గోడలేమన్నా మైలపడినాయా?" ఆరో నెల కడుపు. "మందు అయిపోయిందమ్మా" అన్నాను. గార్లదిన్నెలో నా గదిలో మూడు డబ్బాల మందు ఉంది. ఒక డబ్బా మీద కాళ్ళు చాపుకునే ఇది రాస్తున్నాను.

సెప్టెంబరు 17
వాన జాడ లేదు. వంక ఎండి గుంటలు మిగిలాయి. గుంట నిండా దోమపిల్లలు. కరువు మనుషులకే.

సెప్టెంబరు 21
గోడలు చూసే రోజు. పై కొట్టాల్లో ఇంటింటి లోపలికీ పోయి, మందు పోకుండా ఉందో లేదో రాయాలి. నేను లోపలికి పోలేదు. సైకిలు పంక్చరు, పైన ఎండ. మొదటి ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ళు ఇచ్చిన మజ్జిగ తాగి, అన్ని ఇళ్ళకూ ఒకేసారి "గోడలు బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టేశాను. ఎవడు చూడొచ్చాడు?

సెప్టెంబరు 25
నా మొహం మండ! మొన్నటి పెద్దల అమావాస్య సంగతే మరిచాను. ఈరోజు పై కొట్టాల్లో ఒక ఇంట్లోకి తొంగి చూస్తే, గోడలు ఎర్రమన్నూ పేడా కలిపి కొత్తగా అలికి ఉన్నాయి. పక్క ఇల్లూ అంతే. ఆ పక్కదీ అంతే. తెల్లచార ఒక్కటి లేదు.
"పెద్దోళ్ళకు కూడు పెట్టే ఇల్లప్పా. ఆ పాషాణం కంపు కొడితే వాళ్ళు గడప తొక్కుతారా?" అని ఒక అవ్వ నన్నే కసిరింది. ఎప్పుడు అలికినారవ్వా అంటే... "అమావాస్యకు వారం ముందే."
అంటే నేను అరుగు మీద మజ్జిగ తాగే వేళకే లోపల మందు లేదు. మా అమ్మ కూడా ఏటా అలుకుతుంది. తెలియదనడానికి లేదు. ఇప్పుడు రెండు పల్లెలూ ఒకటే. పోల్చడానికేమీ మిగల్లేదు.

సెప్టెంబరు 28
సుంకమ్మకు చలిజ్వరం. వేలు గుచ్చి రక్తం తీసుకున్నాను. మైక్రోస్కోపులో చూస్తే మలేరియానే. గట్టి రకం. సార్ దగ్గరికి పోయాను.
"కడుపుతో ఉంది సార్, మాత్రలు ఇవ్వనా?"
"లెక్క చెడిపోతుందయ్యా. డిసెంబరు దాకా కింద కొట్టాల్లో ఎవరికీ ఇవ్వకు. మనం డాక్టర్లం కాదు."
లెక్క ఎప్పుడో చెడింది సార్, గోడలు అలికేశారు... నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పోలిక ఆగిపోతుంది, రేపే కింద కొట్టాలకు మందూ, మాత్రలూ. చెబితే నా సంతకం అబద్ధమని తేలుతుంది. ఉద్యోగం పోతుంది. పర్మనెంటు అయ్యే ఏడాది ఇది.
"అట్లాగే సార్" అన్నాను.

సెప్టెంబరు 30
చెప్పలేదు.

అక్టోబరు 3
చెప్పలేదు. సైకిలు తొక్కుతుంటే సంచిలో మాత్రల సీసా గిలక్కాయలా మోగుతోంది. మూత తీసి గుడ్డ కుక్కాను.

అక్టోబరు 5
మళ్ళీ రక్తం. సుంకమ్మ లేవలేకపోయింది. వేలు మాత్రం తనే చాపింది. "నీకంటే దోమ మేలప్పా. తాగి పోతాది. నీ మాదిరి రాసుకోని పోదు." నవ్వబోయింది... పళ్ళు కటకటలాడాయి. నేను రాసుకుని వచ్చాను.

అక్టోబరు 9
బిడ్డ పోయింది. కడుపులోనే. మగపిల్లాడట. వంక గట్టున పూడ్చారు.

అక్టోబరు 10
సార్‌కు చెప్పకుండా సీసా తీసుకుని పోయాను. సుంకమ్మ అత్త గడపలో అడ్డం నిలబడింది.
"ఇన్నాళ్ళూ యాడుండె ఈ మాత్రలు?"
నా భుజానికి వేలాడే సంచిలో అని ఎట్లా చెప్పేది? "ఇప్పుడే అనంతపురం నుంచి వచ్చాయమ్మా."
లోపల చాప మీద నుంచి సుంకమ్మ గొంతు. "తీసుకో అత్తా. మనకోసరమని ఎండలో పడి తెచ్చినాడు." కాసేపు దగ్గింది. "ఆపొద్దు అందర్నీ పిలిచి నిన్ను నగుబాటు చేస్తి. మనసులో పెట్టుకోవాకప్పా."
మాత్రలు అత్త చేతిలో పోసి వచ్చేశాను. వంక దాకా సైకిలు ఎక్కలేదు, నెట్టుకుంటూ నడిచాను. ఛీ... నా బతుకు.

అక్టోబరు 12
రేపు సార్ వస్తున్నారు. గోడలు చూడరు, నా పుస్తకం చూస్తారు. ఆ పేజీ తెరిచి పెట్టుకున్నాను. "గోడలు బాగున్నాయి." కింద నా సంతకం, చక్కగా, వంకర లేకుండా. దాన్ని కొట్టేసి "అలికినారు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. కింద కొట్టాల్లో ఇంకా పదకొండు మంది జ్వరంతో పడి ఉన్నారు. అందులో ఒకామె కడుపుతో ఉంది.
కలంలో సిరా పోశాను. ఆ సంతకం కింద ఈరోజు తేదీ వేశాను.