ఒక జాకెట్ తక్కువ

నవంబరు 8
సముద్రం చూశాను. ఇంత ఉంటుందనుకోలేదు. హోటల్ గది మూడో అంతస్తులో. కిటికీ తెరిస్తే దుప్పట్లకి కూడా చెమ్మ పట్టింది. సాయంత్రం ఒడ్డున అత్తయ్య సముద్రపు నీళ్ళు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, అచ్చం నా కోడలు వండిన కూరే అన్నారు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఇదే పాట. పక్కనెవరో కూడా నవ్వారు. సిగ్గేసింది. ఆయనేమో, ఉప్పులో ఊరింది చెడిపోదమ్మా, అందుకే నువ్వింత గట్టిగా ఉన్నావు అన్నారు.

నవంబరు 9
లైట్‌హౌస్ ఎక్కాం. కింద రిజిస్టర్‌లో ముగ్గురి పేర్లూ నేనే రాశాను. ఐదో తరగతి అక్కరకొచ్చింది. అత్తయ్య నా భుజం పట్టుకునే మెట్లన్నీ ఎక్కారు. నా చేతికర్ర బంగారం అన్నారు. రేపు పడవలో గుహలకి.

నవంబరు 10, మధ్యాహ్నం
రాయాలని లేదు.

నవంబరు 10, సాయంత్రం
రాయకపోతే ఊపిరాడటం లేదు. పడవలో లైఫ్ జాకెట్ ఒకటి తక్కువొచ్చింది. పెద్దావిడ కదా అని పడవవాడు ఆఖరిది అత్తయ్యకిచ్చాడు. ఆవిడ ఒక చెయ్యి దూర్చారో లేదో, గుహ నోటి దగ్గర అల కొట్టి పడవ ఒరిగింది. నేను జాకెట్ లాక్కున్నాను. ఆవిడ ఒంటి మీంచే. ఆవిడ వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. నా గోళ్ళు ఆవిడ మణికట్టు మీద దిగాయి.

నిమిషంలో పడవ సర్దుకుంది. ముందు కూర్చుని వీడియో తీస్తున్న ఆయన తిరిగి చూసి, అమ్మా నీ జాకెట్ ఏదీ అన్నారు. పిల్ల భయపడుతోందని నేనే ఇచ్చాను అన్నారు అత్తయ్య, నీళ్ళ వైపు చూస్తూ. చేతి మీద ఆ గీతలేంటని ఆయనడిగితే, తాడు గీరుకుందన్నారు.

గుహలు బాగున్నాయట. నేను చూడలేదు.

నవంబరు 13
ఇంటికొచ్చాం. మా అమ్మ తన ప్రాణం కూడా చూసుకోకుండా కోడలికి జాకెట్ ఇచ్చేసిందని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఇలాంటి అత్త దొరికింది, పెట్టి పుట్టావు అంది పక్కింటావిడ. తలూపాను.

నవంబరు 17
తప్పయిపోయిందని చెబుదామని అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఏమ్మా, ఏమైనా కావాలా అన్నారు, చుట్టాన్ని అడిగినట్టు. దుప్పటి మడతపెట్టి వచ్చేశాను.

నవంబరు 21
గీతలు మానిపోయాయి. కూర బాగుందమ్మా అన్నారు. నిన్నా అన్నారు. మొన్నా అన్నారు.

నవంబరు 22
కావాలనే కూరలో గుప్పెడు ఉప్పు వేశాను. ఆయన మొదటి ముద్దే ఉమ్మేశారు. అత్తయ్య కంచం ఖాళీ చేసి, బాగుందమ్మా అన్నారు.