అప్ప వంక పెట్టని మొహింగా

జూలై 2

నువ్వు పిరికిదానివి. ఏది రాస్తే అది పీల్చుకుని ఊరుకుంటావు. ఇన్నేళ్లుగా నీ మీద లోకాన్నంతా కడిగేస్తున్నాను, ఒక్కసారైనా "అది తప్పు" అన్నావా? నీలాంటి కాగితాలు దొరకబట్టే నాలాంటివాళ్లు ఇంత వాగుడుకాయలయ్యారు.

ఇప్పుడు ఇంట్లో ఇంకొకరు నీలాగే తయారయ్యారు. మా అప్ప, అంటే మా అక్క.

ఆవిడ రాయగడలో నా రైల్వే క్వార్టరుకి వచ్చి రెండు నెలలు దాటుతోంది. అంతకుముందు కోస్తాలో, సముద్రానికి దగ్గర్లో ఒక కూడలి. అక్కడ మొహింగా బండి — బర్మావాళ్ల చేపల రసం, అందులో బియ్యం సేమియా. బావ వాళ్లు బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబం. అత్తగారి దగ్గర నేర్చుకుంది, బావ పోయాక కూడా తనే నడిపింది. ఊరు అందంగా కనబడాలన్నారు మున్సిపాలిటీవాళ్లు. బండ్లన్నీ లారీకెక్కించేశారు. అప్ప నోరెత్తలేదని పక్కబండి అతను ఫోన్‌లో చెప్పాడు. నేను నమ్మలేదు. నమ్మకుండానే వెళ్లి తీసుకొచ్చాను.

జూలై 3

ఫ్యాను వేసుకోవచ్చా అని అడిగింది. నన్ను. నా చీమిడి తుడిచిన మనిషి.

జూలై 5

"అప్పా, ఒకసారి మొహింగా చెయ్యరాదా" అన్నాను. "ఇప్పుడెందుకురా" అంది. అంతే. కోపం లేదు, విసుగు లేదు... కిటికీలోంచి గూడ్సుబండిని చూస్తూ ఉంది.

సరే. నేనే వండుతాను. పంతానికి పోతున్నానా? పోతున్నాను.

జూలై 6

ప్యాసింజర్లో టికిరి సంతకి వెళ్లాను. సంత తడిసి ముద్దగా ఉంది. నిమ్మగడ్డి అమ్మే దేశియా కొండావిడ నా మొహం చూసి, జ్వరం ఎవరికి అని ఒడియాలో అడిగింది. జ్వరం కాదు, చేపల్లోకి అన్నాను. పక్కావిడతో ఏదో అంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. అప్ప ఉండుంటే తనూ నవ్వేది, నవ్వి వాళ్ల గడ్డి ముదిరిపోయిందని దెబ్బలాడేది.

జెల్ల చేపలు దొరికాయి. చెరువువే. అరటి దూట కొనక్కర్లేదు, క్వార్టర్ల వెనక గెల కొట్టేసిన చెట్టుంది.

జూలై 7

నిజాయితీగా వండాను, రాసుకో. చేపలు ఉడకబెట్టి ముళ్లు తీశాను. అల్లం, వెల్లుల్లి, ఉల్లి, నిమ్మగడ్డి దంచి నూనెలో పచ్చివాసన పోయేదాకా. చిక్కదనానికి వేయించిన శనగపిండి. సేమియా మటుకు జంతికల గొట్టంలో బియ్యప్పిండి పెట్టి నేనే వత్తాను. చేతులు పోయాయి. యాభై రెండేళ్లకి తెలిసింది, పిండి వత్తడం కంటే యూనియన్ ఉపన్యాసం తేలిక.

తప్పు దూట దగ్గర జరిగింది. తరగ్గానే నల్లబడకుండా మజ్జిగలో వేశాను — మా అమ్మ కూరకి వేసినట్టు. తెలుగువాడి చెయ్యి కదా, తనంతట తనే మజ్జిగ గిన్నె మీదికి పోయింది. రసమంతా పులిసిన కంపు. చేపా మజ్జిగా!

అప్ప ముందు పెట్టి నిలబడ్డాను, పరీక్ష పేపరు ఇచ్చిన పిల్లాడిలా.

తింది. మొత్తం.

"బాగుందిరా."

జూలై 8

బాగుందట.

ఈవిడెవరో నీకు తెలుసా? ఒకసారి దూట ముదిరిందని డేగిసాకి డేగిసా కాలవలో పారబోసి, వరసలో ఉన్నవాళ్లతో "ఈ పూట నేదు, ఎల్లండెల్లండి" అన్న మనిషి. నూడుల్స్ లోకి టమాటా సాసు అడిగిన కాలేజీ కుర్రాడితో "సాసా? సాసున్న కాడికే పో నాయినా, నా బండి కాడ దానికి సుట్టాలు నేరు" అన్న మనిషి. బావ వండితే రెండు చెంచాలు తిని, "నువ్వు గిన్నెలు కడుగు, అది బాగా సేత్తావు" అనేది. జనం మొహింగాకి సగం, ఆ తిట్లకి సగం వచ్చేవారు.

మజ్జిగ చేపల రసం తాగి ఆవిడ బాగుంది అంటే నేను సంతోషించాలా?

జూలై 10

ఒక ఎత్తు వేశాను. చెడగొడతాను. రోజూ. ఎక్కడో ఒకచోట తట్టుకోలేక తిడుతుంది. యాజమాన్యాల దగ్గర ఎన్నిసార్లు చెయ్యలేదు ఈ పని — రెచ్చగొట్టు, నోరు జారనివ్వు, పట్టుకో.

ఇవాళ అల్లం వెయ్యలేదు. చేపల్ని సరిగ్గా కడగలేదు. మట్టివాసన.

"బాగుందిరా. నువ్వు కూడా తినీ."

జూలై 11

ఉప్పు రెండింతలు. నీళ్లు ఎక్కువ తాగింది. బాగుందంది.

జూలై 12

టమాటా సాసు పోశాను. ఎర్రగా, ఆవిడ కళ్లముందే, సీసా వంచి. చూసింది. తింది.

జూలై 13

పక్కబండి అతను ఫోటో పంపాడు. అదే కూడలి. అప్ప బండి ఉన్నచోట అద్దాల దుకాణం, దీపాల తోరణాలు, ఏషియన్ నూడుల్స్ అని బోర్డు. అంటే నూడుల్స్ అందవికారం కాదన్నమాట. వండే మనిషే.

నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవకుండా పత్రికకి వ్యాసం రాశాను. వీధి ఎవరిది, రుచి ఎవరిది... అప్పకి చదివి వినిపించాను. ఫోటో కూడా చూపించాను. గాయం మీద కారం చల్లుతున్నానని తెలిసే చూపించాను.

వ్యాసం — "నా గురించి రాసేవేటి? బాగుంది."

ఫోటో — "లైట్లు బాగున్నాయి."

జూలై 14

ఆకలి గురించి యూనియన్‌వాళ్లం మేం బీరువా నిండా రాశాం. తిండి దొరకనివాడి గురించి ఎవరిని నిద్రలో లేపినా గంటసేపు మాట్లాడగలం. తిండి ముందున్నా రుచి పోయిన మనిషి గురించి ఒక్క కరపత్రం లేదు. ఏ వాదం పనికొస్తుంది ఇక్కడ? ఎవరిని ఘెరావ్ చెయ్యాలి?

జూలై 16

ఇంకో ఆలోచన. నేను తమ్ముణ్ణి, నామీద జాలి ఉంటుంది. బయటివాడు గిరాకీలా కూచుంటే బండి మనిషి లేచి రావచ్చు. నాతో సిగ్నల్ సెక్షన్లో పనిచేసే నాయుణ్ణి భోజనానికి పిలిచాను. ఏం పెడుతున్నానో చెప్పలేదు. మాడిన వెల్లుల్లి, ముద్దైపోయిన సేమియా, పచ్చి శనగపిండి ఉండలు.

నాయుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పెరట్లోకి పరుగు. ఉమ్మేసి వచ్చాడు.

"ఏటి గురూ ఇది? గోడకి పోస్టర్లు అంటించే మైదాపిండి మిగిలిపోతే ఉడకెట్టేసేవేటి?"

నేను అప్పనే చూస్తున్నాను. అను, ఇప్పుడను అప్పా...

"అలాగనకు నాయుడూ. పాపం, కట్టపడి సేసేడు" అంది. నాయుడి గిన్నె దగ్గరికి లాక్కుంది. అందులో ఉన్నది కూడా తినేసింది. ఉండలతో సహా. నా మొహం చిన్నబోకూడదని.

నాయుడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర నా భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు నచ్చలేదు.

జూలై 17

పొద్దున్నే అడిగేశాను. అడిగానా, అరిచాను.

"బాగోలేదని చెప్పు! నీకు తెలీదా? సాసు పోశాను, మట్టి చేప పెట్టాను, తెలిసే చేశాను. ఎందుకు మింగుతున్నావు?"

"తెలుసురా. నువ్వు కావాలనే సేత్తన్నావని సాసు రోజే తెలిసింది."

"మరి?"

చీర కొంగు సర్దుకుంది.

"బాగోనేదని ఎందుకంటార్రా? రేప్పొద్దున్న బాగా సెయ్యడానికి. నాకు రేప్పొద్దున్న ఏటుంది పని?"

మంత్రులకి, మేనేజర్లకి, పత్రికల వాళ్లకి నిలబడ్డచోటే జవాబిచ్చినవాణ్ణి... గిన్నె తీసుకెళ్లి కడిగాను.

జూలై 18

డ్యూటీ. సంపాదకుడు ఫోన్. వ్యాసం బాగుందట, సగానికి కొయ్యమన్నాడు. ఫోన్ పెట్టేశాను.

జూలై 21

వాన. వండలేదు. పప్పూ అన్నం. బాగుందట.

జూలై 22

ఒక చిన్న సంగతి. రాయాలా వద్దా అని పొద్దుటినుంచి. గంజి వార్చుతుంటే వెనక నుంచి వచ్చి గిన్నెలోకి చూసింది. మూతి కాస్త ముడిచినట్టనిపించింది. ఏమన్నావని అడిగాను. "ఏటీ నేదు" అని వెళ్లిపోయింది. ఆవిరి కళ్లలో కొట్టి ఉంటుంది. ఆశలు అల్లుకోవడం నా జబ్బు. ఆవిరే.

జూలై 25

ఇన్నేళ్లలో నాకు బాగా వచ్చిన పని ఒకటే — డిమాండ్ల పత్రం. ఆఫీసు గేటు ముందు నిలబడి చదివినవి ఎన్నో. నెరవేరినవి తక్కువ. ఇది ఇంట్లో ఇవ్వాల్సింది. ఇస్తానో లేదో తెలియదు, ఇస్తే చదివి "బాగా రాసేవురా" అంటుందేమోనని భయంగా ఉంది. అయినా రాస్తున్నాను.

మా అప్పకు నా డిమాండ్లు:

ఒకటి. వచ్చినప్పటినుంచి మంచం కిందే ఉన్న సంచి విప్పాలి. బట్టలు బీరువాలో పెట్టాలి.

రెండు. ఆకలి లేకపోతే లేదని చెప్పాలి. నా కోసం తినకూడదు.

మూడు. వచ్చే సంతకి నాతో టికిరి రావాలి. కొనక్కర్లేదు, వండక్కర్లేదు. చేప మొప్పలు ఎత్తి చూస్తే చాలు.

నాలుగు. ఏడవాలనిపిస్తే నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఏడవాలి.

ఐదు. నేను తప్పు మాట్లాడినప్పుడు నోరు ముయ్యమనాలి.

ఆరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేతిలో గరిటె లాక్కుని నన్ను వంటింట్లోంచి గెంటెయ్యాలి.