పత్తిలో ఏరిన నీలం పోగులు

నవంబర్ 18, మంగళవారం, ఆదోని

నాలుగుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతుల వాసన పోలేదు. ఛీ.

పొద్దున నాయన జిన్నింగ్ మిల్లుకు వెళ్లాను. పత్తి కుప్ప ముందు ఈరమ్మక్క కూర్చుని చెత్త ఏరుతోంది. గుట్కా పొట్లాలు, తల వెంట్రుకలు, యూరియా సంచుల నుంచి ఊడిన నీలం ప్లాస్టిక్ పోగులు. రైతులు పత్తిని ఆ సంచుల్లోనే కుక్కి తెస్తారు. ఒక్క పోగు కనిపించినా కొన్నవాళ్లు పత్తి బేళ్లు వెనక్కి పంపుతారని నాయనకు భయం. అందుకే ఆయన పత్తి ఎప్పుడూ మల్లెపూవులా ఉంటుంది.

ఏరిందంతా ఏం చేస్తారని అడిగాను.

"ఏం జేస్తామమ్మా, ఎనక వాగులో పోస్తాము. వానొస్తే కొట్టుకోని పోతాది," అంది ఈరమ్మక్క.

వెనక్కి వెళ్లి చూశాను. నీళ్లు కావవి, నల్లటి బురద. దాని మీద ఉమ్ములు, పొట్లాలు, నీలం పోగులు. వంగి ఒక పోగు లాగితే మోచేతి దాకా అంటుకుంది.

"ఆడికెందుకు పోయినావు పాపా? అంతా గలీజు," అన్నాడు నాయన, ముక్కు మూసుకుని. ఎవరిదో గలీజు అయినట్టు!

పరిశోధన కోసం బంగాళాఖాతం అడుగు నుంచి మా బృందం తీసిన మట్టిలో, మైక్రోస్కోప్ కింద నేను చూసినవి ఇలాంటి పోగులే. ఇవే అవి అనడానికి రుజువు లేదు. కానీ ఈ వాగు తుంగభద్రకు పోతుంది, తుంగభద్ర కృష్ణకు, కృష్ణ సముద్రానికి.

"ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించలేం" అని ఆ పోగుల గురించి మా రిపోర్టులో రాసింది నేనే. ఇందాక దిద్దుదామని లాప్‌టాప్ తెరిచాను. నాయన పాలగ్లాసు తెచ్చి పక్కన పెట్టి, తల నిమిరి వెళ్లాడు.

ఆ వాక్యం ముట్టుకోకుండానే మూసేసి, మళ్లీ చేతులు కడుక్కొచ్చాను.