గుండుకు చుట్టిన గుడ్డ

అన్నయ్యకు,

నాన్న తుపాకికి చిల్లు పెట్టి, మూతి మీద బల్బు బిగించి నీ హాల్లో దీపంగా నిలబెట్టడానికి నువ్వు పంపిన ఎలక్ట్రీషియన్ నిన్న వచ్చాడు. తిప్పి పంపేశాను. కోప్పడే ముందు ఇది చదువు.

మూతి నుంచి మందూ గుండూ కూరే నున్నటి గొట్టం గురికి పనికిరాదని తేల్చింది నువ్వే. గురి తప్పినప్పుడల్లా నువ్వు మందు పెంచావు. నేను తగ్గించి, ప్రతిసారీ ఒకే కొలత పోశాను. అసలు లోపం గుండు చుట్టూ పెట్టే గుడ్డది. అది పల్చనిది కావడంతో గుండు గొట్టంలో వదులుగా ఊగేది. పాత దిండు గలీబు మందంగా ఉందని దాన్ని కత్తిరించి, కొవ్వు రాసి చుట్టాను. గుండు బిగువుగా దిగింది. పేల్చిన ప్రతిసారీ గొట్టం తుడిచాను.

ఆదివారం తుపాకి క్లబ్బు పోటీలో రిఫరీ నవ్వాడు.

"మీ అన్న దీంతో గోడనైనా కొట్టలేకపోయాడు. నువ్వేం చేస్తావు తల్లీ, కాకుల్ని బెదరగొడతావా?"

యాభై గజాల దూరం, ఐదు గుండ్లు. గురికాగితం మీద చెయ్యి ఆనిస్తే నాలుగు చిల్లులు నా అరచేతి కింద దాగాయి. ఐదోది బొటనవేలి పక్కన పడింది. మొదటి బహుమతి మనదే. రిఫరీ రెండుసార్లు కొలిచాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడన్నమాట మీవాడు! నేనన్నానని చెప్పు" అన్నాడు. చెబుతున్నాను.

ఆయన సంతకం పెట్టిన గురికాగితం ఇందులోనే ఉంది. నాన్న సీసం కరిగించి గుండ్లు పోసిన అచ్చు మాత్రం నీ బీరువాలో ఉంది. ఇన్నాళ్లూ అరువు అచ్చుతో నెట్టుకొచ్చాను. తుపాకి పేల్చేవాళ్ల దగ్గరే అచ్చు ఉండాలి. పంపించు.

చెల్లి