ఐదో రోజు దాకా సూది

అక్కా,

జవాబు రాయలేదని అలిగావేమో, అలుగు. నామీద నాకే ఒళ్లు మండిపోతోంది.

ప్రయోగశాలలో నాది ఎలుకల్ని సాకే పని కదా. ఈసారి ఈనిన తల్లులకి రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా సూది వేశారు. దాంతో పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ అణిగిపోతుంది. తల్లిపాలలో అది అందని పిల్లలు పెద్దయ్యాక తమ ఒంట్లో ఆ హార్మోన్‌ని అదుపు చేసుకోగలవా లేదా అన్నది మా డాక్టరు పరీక్ష. నాకెవరూ చెప్పలేదు. చెత్తబుట్టలో కాగితాలు ఏరుకుని చదివాను.

మందు పేరు రెండుసార్లు చదివాను. నీ బిడ్డ పోయాక, పాలు ఆగిపోవడానికి ఆసుపత్రివాళ్లు నీ నోట్లో వేసింది అదే.

ఎలుకపిల్ల పాలు తాగితే పల్చటి చర్మం కింద పొట్ట తెల్లగా కనపడుతుంది. వీటికి కనపడలేదు. పోల్చి చూడ్డానికి పక్క బోన్లలో తల్లులకి ఉత్త ఉప్పునీళ్ల సూదే. అందుకని ఈ బోను పిల్లల్ని ఆ బోనులోకి, ఆ బోనువాటిని ఇందులోకి, ఎనిమిదికి ఎనిమిది మార్చేశాను. తల్లి పసిగట్టకుండా పిల్లల్ని దాని గూటి పీచులో దొర్లించి మరీ పెట్టాను. పూట ఇక్కడ, పూట అక్కడ.

రెండు నెలలకి రక్తం పరీక్షిస్తే రెండు గుంపులకీ తేడా లేదు. డాక్టరు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే సూదులావిడ మీద పడ్డాడు.

"అన్నిటికీ ఉప్పునీళ్లే పొడిచావా? కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చో!"

"పాతికేళ్లుగా పొడుస్తున్నా డాక్టరుగారూ. ఏ సీసా ఏదో నిద్రలో లేపినా చెబుతా."

సోమవారం ఆమెని తీసేస్తారు. నేను చెప్పను. తప్పు సూదిది.

నీ మొండిఘటం

అక్కా,

నీ ఉత్తరం చదివి చెంప పగిలినట్టయింది. "ఆ మాత్ర నేనే అడిగి వేయించుకున్నానే. పాలు గడ్డకట్టి నొప్పితో చచ్చిపోయాను. ఎవరి మీద నీ కోపం?" అన్నావు.

సోమవారం పొద్దున్నే అందరి ముందూ చెప్పేశాను. డాక్టరు అరవలేదు. "ఈ ఎనభై ఎలుకలూ దండగ. నువ్వే చంపేసి వెళ్లు. మళ్లీ మొదటి నుంచి చేద్దాం" అన్నాడు. గ్యాసు పెట్టె మూత నా చేత్తోనే వేశాను.

పెద్దమ్మ ఉద్యోగం నిలబడింది. వెళ్లొస్తానని చెప్పబోతే తలెత్తలేదు. "నీ జాలి పాడుగాను! ఎనభైతో పోయేదాన్ని నూట అరవై చేశావు కదే!" అంటూ కొత్త తల్లులకి సూదులు నింపుతోంది.

"వాటికి చలి తగులుతుంది. తలుపేసి పో" అంది.

నీ చెల్లెలు